ఊరు ఖాళీ చేయమన్న గంటలోనే టోల్ గేటు ఎత్తేయాలా, వద్దా?

#1 తీరంగాలి

నా గొడవ ముందు చెప్పేస్తాను, తర్వాత అడగాల్సింది అడుగుతాను.

పోయిన తుపానుకి మధ్యాహ్నం మూడింటికి ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. మా వైపు వాళ్లంతా సాయంత్రానికల్లా ఖాళీ చేయాలని మెసేజ్. మా అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయి పది రోజులే అయింది. వెనక సీట్లో దిండ్లు పేర్చి, కాలు చాపి పడుకోబెట్టాం. పిల్లాడు ముందు సీట్లో, నేను స్టీరింగ్ దగ్గర. మా ఆయన డ్యూటీలో ఉన్నారు, రావడం కుదరలేదు.

గంటన్నర నడిపాక టోల్ గేటు. ముందు రోజు రాత్రే ట్యాగ్ రీఛార్జ్ చేశాను. అయినా మెషిన్ తీసుకోలేదు. గేటు దగ్గరి అబ్బాయి చేతి మెషిన్ తెచ్చి అద్దానికి ఆనించాడు, తుడిచాడు, మళ్లీ ఆనించాడు. "బ్లాక్‌లిస్ట్ చూపిస్తోంది మేడమ్" అన్నాడు. క్యాష్ ఇస్తానంటే చిల్లర లేదు. ఫోన్లో కడదామంటే సిగ్నల్ లేదు. వెనక వరసంతా హారన్లు. వాన అడ్డంగా కొడుతోంది, అద్దం దించితే లోపలికి వచ్చేస్తోంది. అత్తయ్య ఏమీ అనలేదు గానీ సీటు అంచు గట్టిగా పట్టుకుని ఉంది. ఆ చెయ్యి నాకు అద్దంలో కనబడుతూనే ఉంది. పదకొండు నిమిషాలు అక్కడే ఉన్నాం. మా వెనకున్న కుటుంబాలు కూడా మాతో పాటు పదకొండు నిమిషాలు ఉన్నాయి.

డబ్బు గురించి కాదు నా బాధ. ప్రాణాలు కాపాడుకోండి, వెళ్లిపోండి అని చెప్పిన ప్రభుత్వమే దారిలో కర్ర అడ్డం పెట్టి ఆపడం సబబేనా? ఖాళీ చేయమన్న ఉత్తర్వు వచ్చిన క్షణం నుంచి ఆ దారిలో టోల్ ఆగిపోవాలని నేను అనుకుంటున్నాను. రోడ్ల సంగతి తెలిసినవాళ్లు, టోల్‌లో పనిచేసినవాళ్లు ఉంటే చెప్పండి. ఇందులో నాకు తెలియని కష్టం ఏదైనా ఉందా?

#2 రోడ్డులెక్క

అమ్మా, మీ అత్తగారు ఇప్పుడు కులాసాయేనా?

ముప్పై ఏళ్లు రోడ్లు వేసి రిటైరైనవాణ్ణి. లెక్క చెబుతాను, ఎక్కడ నొక్కుకుపోతోందో మీకే తెలుస్తుంది. మంచి హైవేలో ఒక లేన్ గంటకు దాదాపు 2000 బళ్లు మోయగలదు. డబ్బు తీసుకుని చిల్లర ఇచ్చే టోల్ లేన్ మహా అయితే గంటకు 300 నుంచి 400 బళ్లు వదులుతుంది. ఇప్పుడు రెండు లేన్ల రోడ్డు నిండుగా పారుతోంది అనుకోండి, గంటకు 4000 బళ్లు. ప్లాజాలో ఆ వైపు 8 గేట్లు, ఒక్కోటి 350 చొప్పున మొత్తం 2800. మిగతా 1200 బళ్లు ఎటు పోతాయి? వెనక నిలబడతాయి. బండికి 8 మీటర్లు వేసుకున్నా, రెండు వరసల్లో గంటకు దాదాపు 5 కిలోమీటర్ల క్యూ పెరుగుతుంది. మూడు గంటల్లో 15 కిలోమీటర్లు. తుపాను గాలి మొదలయ్యేసరికి ఆ క్యూ చివరనున్నవాళ్లు ఇంకా సముద్రం పక్కనే ఉంటారు.

ట్యాగ్ లేన్లు వీటికంటే ఎంతో నయం, కాదనను. కానీ ట్యాగ్ లేన్ వేగం అందులో వచ్చే అధ్వాన్నపు ట్యాగ్ మీద ఆధారపడుతుంది. బండికి 10 సెకన్ల చొప్పున సాఫీగా పోయే లేన్‌లో ఒక్క ట్యాగ్ రెండు నిమిషాలు మొరాయిస్తే 12 బళ్లు అక్కడే ఆగాయన్నమాట. మామూలు రోజున మొరాయించే ట్యాగులు కొన్నే. తరలింపు రోజున ఎవరొస్తారో ఆలోచించండి. ఏడాదికోసారి కారు తీసే పెద్దాయన, అన్న కారు అడిగి తెచ్చుకున్న తమ్ముడు, ట్యాగ్ ఊడిపోయిన పాత వ్యాను. హైవే ఎప్పుడూ ఎక్కనివాళ్లంతా ఆ రోజే ఎక్కుతారు.

#3 చిన్నమేఘం

ఇంకొక కోణం చెప్పాలి. టోల్ ఉందని మంచి రోడ్డు వదిలేసి వెళ్లేవాళ్లు ఉంటారు. మా నాన్న అలాగే చేశారు. హైవేకి పక్కనే వెళ్లే పాత రోడ్డు పట్టారు. అది కాలవ గట్టు వెంబడి పోతుంది, మామూలు వానకే నీళ్లెక్కుతుంది. ఆ రోజు మోకాలి లోతు నీళ్లలో బండి ఆగిపోతే, ఎవరో ట్రాక్టర్‌తో లాగి బయటపడేశారు. టోల్ లేదని ముందే తెలిసి ఉంటే ఆయన హైవే మీదే వచ్చేవారు. చేతిలో ఉన్న కాస్త డబ్బు పెట్రోలుకి దాచుకున్నారు పాపం. అది తప్పని నేను అనలేను.

#4 బాకీలెక్క

తీరంగాలి గారూ, మీ బాధ అర్థమైంది. అయినా అవతలి పక్క కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా, నేను చెబుతాను. నా పని రోడ్డు ప్రాజెక్టుల అప్పుల లెక్కలు చూడటం.

చాలా టోల్ రోడ్లు అప్పు తెచ్చి వేసినవి. బాండ్లు అమ్మో, బ్యాంకు లోన్ తీసుకునో కడతారు. టోల్ వసూళ్లు ఫలానా మట్టానికి తగ్గకూడదని ఆ అప్పు పత్రంలో రాసి ఉంటుంది. వసూలు చేసే హక్కు ఓ కంపెనీకి ఇచ్చి ఉంటే, "ఈ రాత్రి ఆపేయండి" అని ప్రభుత్వం నోటిమాటగా చెప్పడం కుదరదు. ఆ నష్టం ఎవరు భరించాలి అన్న ప్రశ్న వెంటనే లేస్తుంది. దానికి సమాధానం ముందే రాసుకోకపోతే ఏమవుతుందంటే, ఆ రాత్రి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు. గేటు మాత్రం కిందే ఉంటుంది.

ఇంకో భయం. టోల్ లేదంటే, కదలాల్సిన అవసరం లేనివాళ్లు కూడా కదులుతారు. తరలింపు మీద పనిచేసేవాళ్లు దీన్ని నీడ తరలింపు అంటారు. ప్రమాదం లేని చోటివాళ్లు ముందు బయలుదేరి రోడ్డు నింపేస్తే, నిజంగా మునిగే చోటివాళ్లు వెనకబడతారు.

#5 నైట్‌షిఫ్ట్

నాలుగేళ్లు టోల్ ప్లాజాలో చేశాను, ఇప్పుడు మానేశాను. అక్కా, మీ కారుకి చేతి మెషిన్ పెట్టిన అబ్బాయి లాంటివాణ్ణే నేనూ. ఆ అబ్బాయి వైపు నుంచి కూడా కొంచెం వినండి.

గేటు ఎత్తే బటన్ మా దగ్గరే ఉంటుంది. ఎత్తడం ఒక్క క్షణం పని. కానీ ఎత్తిన ప్రతిసారీ సిస్టమ్‌లో ఓ ఎంట్రీ పడుతుంది. బండి ఏ క్లాసు, ఎందుకు వదిలాం, మినహాయింపు అయితే ఏ రకం మినహాయింపు, అన్నీ చెప్పాలి. కెమెరా ఫొటో తీస్తుంది. షిఫ్ట్ అయ్యాక ఫొటోలకీ డబ్బుకీ లెక్క సరిపోవాలి. సరిపోకపోతే మేం పనిచేసిన చోట మా జీతంలోంచి పట్టుకునేవాళ్లు. ఇలాంటి రాత్రి ఒకటి నాకూ వచ్చింది. ఎదురుగా పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని వానలో ఉన్నవాళ్లు. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌కి ఫోన్ చేస్తే మేనేజర్‌ని అడగమన్నాడు. మేనేజర్ పై ఆఫీసుకి చేశాడు. పై ఆఫీసువాళ్లు రాతపూర్వకంగా వస్తేనే అన్నారు. నాకు తెలిసి అందరూ మంచివాళ్లే, ఎవరికీ ఎవర్నీ ఆపాలని లేదు. ఎత్తమని చెప్పే అధికారం మాత్రం ఏ ఒక్కరి చేతిలోనూ లేదు. కాగితం తెల్లారి ఐదింటికి వచ్చింది. అప్పటికి రోడ్డు ఖాళీ.

ఆ రాత్రి 14 బళ్లు నా అంతట నేనే వదిలాను. ఆ నెల జీతంలో కోత పడింది. దానికి నాకు బాధ లేదు. వదలకుండా ఆపినవాటి గురించే ఇప్పటికీ గుర్తొస్తుంటుంది.

#6 తీరంగాలి

తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. ఆ రోజు గేటు దగ్గరి అబ్బాయి మీద కోప్పడ్డాను నేను, గట్టిగానే అరిచాను. అతను తలొంచుకుని మెషిన్ తుడుస్తూనే ఉన్నాడు. ఇప్పుడు అర్థమవుతోంది.

రోడ్డులెక్క గారూ, అత్తయ్య బాగున్నారు. కర్ర సాయంతో నడుస్తున్నారు.

#7 పాతమ్యాపు

బాకీలెక్క గారి రెండు ప్రశ్నలకీ ఇదివరకు జరిగినవే జవాబు చెబుతాయి. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

అమెరికాలోని ఫ్లోరిడా చూడండి. 2017లో ఇర్మా తుపాను సెప్టెంబర్ 10న ఆ రాష్ట్రం మీద తీరం దాటింది. టోల్ ఆపింది సెప్టెంబర్ 5 సాయంత్రం, అంటే ఐదు రోజుల ముందు. అదీ రాష్ట్రమంతటా. మళ్లీ మొదలుపెట్టింది సెప్టెంబర్ 21న. 60 లక్షల మందికి పైగా తరలింపు హెచ్చరికలు అందుకున్న తుపాను అది. 2024 అక్టోబర్లో మిల్టన్ తుపాను వచ్చినప్పుడు కూడా తీరం తాకకముందే టోల్ ఆపారు. అక్కడ కూడా బాండ్లున్నాయి, అప్పులున్నాయి. అయినా గవర్నర్ ఎమర్జెన్సీ ఉత్తర్వులతో పాటే ఇది కూడా నడిచిపోతుంది. ఇదేదో కొత్త దయ అన్నట్టు ఎవరూ మాట్లాడరు.

మన దగ్గర కూడా దేశమంతా టోల్ ఆపిన సందర్భాలున్నాయి. పెద్దనోట్ల రద్దప్పుడు 2016 నవంబర్ 9 నుంచి డిసెంబర్ 2 దాకా జాతీయ రహదారుల మీద టోల్ తీసుకోలేదు. లాక్‌డౌన్‌కి 2020 మార్చి చివర్లో ఆపి, ఏప్రిల్ 20న మళ్లీ మొదలుపెట్టారు. చిల్లర దొరకదని మూడు వారాలు ఆపగలిగినవాళ్లు, సముద్రం మీదికొస్తుంటే మూడు రోజులు ఆపలేరా? అయితే ఒకటి గమనించాలి. ఆ రెండుసార్లూ పైనుంచి అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయాలే. 2008 నాటి జాతీయ రహదారుల ఫీజు నిబంధనల్లో అంబులెన్సు, ఫైరింజను, పార్థివదేహాన్ని తీసుకెళ్లే బండి లాంటి వాటికి మినహాయింపు ఉంది. ఇల్లు ఖాళీ చేసి పోతున్న మామూలు కుటుంబం కారు ఆ జాబితాలో లేదు. ప్రతిసారీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని సంతకం పెట్టాలి. నైట్‌షిఫ్ట్ తమ్ముడు చెప్పిన తెల్లవారుజాము కాగితం కథ అక్కడ పుడుతుంది.

ఇక ఆలస్యం ఎంత ఖరీదైనదో. 1999 సెప్టెంబర్లో ఫ్లాయిడ్ తుపానుకి అమెరికాలోనే సౌత్ కరోలినా రాష్ట్రంలో చార్లెస్టన్ నుంచి కొలంబియా అనే ఊరికి వెళ్లే హైవే బిగుసుకుపోయింది. రెండు గంటల దారికి పది గంటలు దాటిపోయింది. జనం క్యూలో ఉండి చూస్తే ఎదురు వైపు లేన్లు ఖాళీగా ఉన్నాయి. 2005లో రీటా తుపానుకి హ్యూస్టన్ నుంచి పాతిక లక్షల మందికి పైగా బయలుదేరారు. 20 గంటలకు పైగా రోడ్ల మీదే ఉన్నారు, పెట్రోలు అయిపోయింది, ఎండకి సొమ్మసిల్లారు. వృద్ధాశ్రమం వాళ్లని తీసుకెళ్తున్న బస్సు డాలస్ దగ్గర తగలబడి 23 మంది పోయారు. ఆ తుపాను తాకిడికి పోయినవాళ్ల కంటే తరలింపులో పోయినవాళ్లే ఎక్కువ. దానికి కారణం టోల్ అని నేను అనడం లేదు. తరలింపులో రోడ్డు మీద గడిపే ప్రతి గంటా ప్రాణాల మీదికి తెస్తుంది, అదీ నేను చెప్పేది.

#8 బాకీలెక్క

పాతమ్యాపు గారూ, ఒప్పుకుంటున్నాను. నష్టం సంగతి పరిష్కారం లేనిదేమీ కాదు. ఒప్పందాల్లో దైవాధీన ఘటనల (ఎవరి చేతిలోనూ లేని విపత్తుల) క్లాజు ఎలాగూ ఉంటుంది. ఆగిన రోజుల్ని వసూలు గడువుకి చివర్లో కలిపేయడం ఒక పద్ధతి. లాక్‌డౌన్ తర్వాత గడువులు పొడిగించారు కూడా.

కానీ నీడ తరలింపు మీద నా పట్టు వదలను. రీటాకి అంతమంది కదలడానికి అదీ ఓ పెద్ద కారణం. అందుకని నా సూచన ఇది. ఖాళీ చేయమన్న చోటి అడ్రసు ఉన్నవాళ్లకే టోల్ మాఫీ ఇవ్వండి. ఆధార్ లాంటిదో, బండి రిజిస్ట్రేషనో చూపిస్తే చాలు. మిగతావాళ్లు కట్టాలి.

#9 వలసపిట్ట

బాకీలెక్క గారూ, దయచేసి ఆ పని మాత్రం వద్దండి. ఇలాంటిది జపాన్లో చేసి చూశారు. అక్కడ కొన్నేళ్లు ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

2011 మార్చి భూకంపం, సునామీ తర్వాత, జూన్ 20 నుంచి ఆ ఈశాన్య ప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌వేల మీద నష్టపోయినవాళ్లకి టోల్ తీసేశారు. మున్సిపాలిటీ ఇచ్చిన నష్ట ధ్రువపత్రం గేటు దగ్గర చూపించాలి. చూపించాలంటే ఆటోమేటిక్ లేన్‌లో పోలేరు, మనిషి ఉన్న లేన్‌కే రావాలి. అంటే టోల్ తీసేసింది గేటు దగ్గర ఇబ్బంది తప్పించడానికైతే, కాగితం చూడటం మొదలుపెట్టేసరికి గేటు దగ్గరే బళ్లు బారులు కట్టాయి. ఆ పత్రాల కోసం మున్సిపాలిటీల దగ్గరా క్యూలే. ఇల్లు పోయిన మనిషి కాగితం ఎక్కణ్ణుంచి తెస్తాడు చెప్పండి? ఉన్న కాగితాలు ఇంటితో పాటే పోయాయి కదా.

దుర్వినియోగం కూడా జరిగింది, దాచడం ఎందుకు. సరుకు లారీలకి కూడా మాఫీ ఇచ్చారు. ఆ ప్రాంతంలో ఎక్కినా దిగినా టోల్ లేదు అనేసరికి, ఎక్కడో దక్షిణాన ఉన్న లారీలు తమ ఊరు దాటి ఉత్తరాన మితో అనే చోటి దాకా పోయి, అక్కడ దిగి, వెనక్కి తిరిగి వచ్చేవి. ఆ ఒక్క మలుపుతో దారి పొడుగునా టోల్ లేకుండా పోయేది. ఆగస్టు చివరికి లారీల మాఫీ ఆపేశారు.

అంటే అక్కడ దెబ్బతిన్నది రెండు చోట్ల. కాగితం అడగడం ఒకటి. నెలల తరబడి, ఎక్కడో మొదలైన ప్రయాణం మొత్తానికి మాఫీ ఇవ్వడం రెండోది. మూడు రోజులకి, ఒక ముక్క రోడ్డుకి, ఒక దిక్కుకి అయితే ఎవరు తిరిగొస్తారు మోసం చేయడానికి, తుపాను ఎదురుగా పెట్టుకుని?

#10 రోడ్డులెక్క

వలసపిట్ట గారు సరిగ్గా చెప్పారు. గేటు దగ్గర మనిషి ఏదైనా చూడాల్సి వస్తే, చూసేది నోటైనా, ఆధార్ అయినా, నిట్టూర్పు అయినా, బండి ఆగినట్టే. ఆగకూడదన్నదే మన పాయింటు.

నీడ తరలింపు గురించి ఓ మాట. ప్రమాదం లేనివాళ్లు కదిలేది భయంతో. టోల్ ఉందని వాళ్లు ఆగరు, లేదని బయలుదేరరు. వాళ్లని ఆపాలంటే ఏ వీధులు కదలాలి, ఏవి కదలక్కర్లేదు అన్నది స్పష్టంగా, ముందే, మళ్లీ మళ్లీ చెప్పాలి. టోల్ గేటు చేత ఆ పని చేయించలేం.

ఇంజనీరుగా నాకున్న అసలు దిగులు వేరే ఉంది. పెద్ద తరలింపుల్లో ఎదురు లేన్లని కూడా బయటికి పోయే దిక్కుకే తిప్పుతారు. ఫ్లాయిడ్ తర్వాత చాలాచోట్ల ఈ ప్రణాళికలు రాశారు. కానీ ఎదురు దిక్కులో టోల్ ప్లాజా ఉంటే? ఆ సిమెంటు దిమ్మెలు, గేటు కర్రలు, టోల్ బూత్‌లు అన్నీ అటునుంచి వచ్చే బండి కోసం కట్టినవి. ఇటునుంచి రాత్రిపూట, వానలో, కొత్త డ్రైవరు వస్తే దిమ్మె ముక్కు ఎక్కడుందో కనబడదు. లేన్ తిప్పాలనుకునే ప్రతి ప్లాజాలో దిమ్మెలకి వెనక వైపు కూడా రిఫ్లెక్టర్లు ఉండాలి, కనీసం రెండు లేన్లు పూర్తిగా తెరుచుకునేలా ఉండాలి. ఫ్లోరిడావాళ్లు లేన్లు తిప్పడం మానేసి, రోడ్డు అంచున ఉన్న షోల్డర్‌ని తాత్కాలిక లేన్‌గా వాడటానికి మారారు, ఇర్మాకి అదే చేశారు. అందులో కూడా ప్లాజా దగ్గరికొచ్చేసరికి ఆ షోల్డర్ లేన్ ఏమవుతుందో ముందే గీసుకోవాలి.

#11 పదహారుటైర్లు

మా లారీవాళ్ల సంగతి ఎవరూ రాయలేదు. బయటికి పోయేవాళ్లకి మాఫీ అంటున్నారు, బాగుంది. లోపలికి వెళ్లేది మేము. తుపాను పోయిన రెండోరోజు పాలు, నీళ్లు, జనరేటర్లు, కరెంటు స్తంభాలు వేసుకుని ఎదురు వెళ్తాం. ప్రతి గేటు దగ్గరా రిలీఫ్ సరుకని చెప్పాలి, లెటర్ ఏదని అడుగుతారు. ఖాళీ లారీతో తిరిగి వచ్చేటప్పుడు సరుకు లేదు కాబట్టి కట్టమంటారు. ఖాళీ చేసింది వాళ్ల కోసమే కదండీ. పోయిన దారికీ వచ్చిన దారికీ కలిపి రాయించండి.

#12 చిన్నమేఘం

నాదో డౌటు. ఈ మధ్య గేటే లేని టోల్ రోడ్లు వస్తున్నాయి కదా, పైన కెమెరాలు, బండి ఆగక్కర్లేదు. అక్కడ మాఫీ ఇచ్చినా ఇవ్వకపోయినా ట్రాఫిక్‌కి తేడా లేదుగా?

#13 రోడ్డులెక్క

వేగానికి తేడా లేదు, నిజమే. మీ నాన్నగారి సంగతిలో మాత్రం తేడా ఉంది. గేటు లేకపోయినా, బిల్లు వస్తుందన్న భయంతో పాత రోడ్డు పట్టేవాళ్లు పడతారు. ఇంకోటి, కొన్నిచోట్ల రద్దీ పెరిగేకొద్దీ టోల్ దానంతటదే పెరిగే లేన్లున్నాయి. తరలింపు రోజున ఆ లెక్కని అలాగే వదిలేస్తే, జనం ఎక్కువగా పారిపోతున్నకొద్దీ రేటు ఎక్కుతుంది. మెషిన్‌కి తుపాను సంగతి తెలియదు, మనిషే ఆపాలి.

#14 వలసపిట్ట

అద్దె కార్లు కూడా. టోల్ రోడ్డు ఎక్కితే టోల్‌తో పాటు తమ సర్వీస్ ఛార్జీ కలిపి నెల తర్వాత బిల్లు పంపే కంపెనీలుంటాయి. రోడ్డువాళ్లు టోల్ తీసేసినా ఈ ఛార్జీ పడకుండా చూడాలి. మాఫీ రోజుల్లో పొరపాటున డబ్బు కట్ అయితే, జనం తిరిగి అడిగేదాకా ఆగకుండా వాళ్లే వెనక్కి వేయాలి. ఇంటి పైకప్పు వేసుకుంటున్నవాడికి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసే తీరిక ఎక్కడిది?

#15 బస్సుబాట

అందరూ బాగా రాస్తున్నారు. మనసులో ఉన్నది చెబితే ఎవరూ ఏమీ అనుకోవద్దు. పది పోస్టులు దాటినా కారు లేనివాళ్ల మాట రాలేదు.

2005లో కత్రినా వచ్చినప్పుడు న్యూ ఆర్లీన్స్ నుంచి కార్లున్నవాళ్లు బాగానే బయటపడ్డారు. లేన్లు తిప్పారు, రోడ్లు పనిచేశాయి. మిగిలిపోయింది బండి లేనివాళ్లు, ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు. 2019 మేలో ఫొని తుపానుకి ఒడిశాలో దాదాపు 12 లక్షల మందిని తరలించారు. వాళ్లలో ఎక్కువమంది హైవే ఎక్కలేదు, దగ్గర్లోని తుపాను షెల్టర్లకీ, స్కూళ్లకీ వెళ్లారు. బస్సుల్లో, నడిచి. వాళ్లకి టోల్ మాఫీ వల్ల ఒరిగేది ఏమీ లేదు. మనం అడిగేదేదో, ఆ బస్సులు మొదట కదిలేలా కూడా అడగాలి.

#16 తీరంగాలి

మీరు అన్నది నిజం. నేను మొదటి పోస్టు రాసేటప్పుడు నా కారే నాకు కనబడింది. మా వీధి చివర ఉండే ఒక పెద్దావిడ ఆ రోజు బస్సు కోసం స్కూలు దగ్గర నాలుగు గంటలు నిలబడింది. ఆ బస్సు ఆలస్యమైంది ఎక్కడో తర్వాత తెలిసింది. ఖాళీ బస్సు మావైపు వస్తూ అదే టోల్ ప్లాజా క్యూలో ఇరుక్కుంది. బయటికి పోయే బళ్లు అటూ ఇటూ తోసుకుని లోపలికి వచ్చే లేన్లు కూడా మూసేశాయి. అంటే గేటు ఎత్తడం ఆమెకి కూడా పనికొచ్చేదే. కానీ లోపలికి వచ్చే బస్సుకి ఒక లేన్ విడిగా కాపాడాలి. అది రాస్తాను.

అందరూ చెప్పినవి కలిపి అర్జీ ముక్క ఒకటి రాశాను, చూడండి:

"తరలింపు ఉత్తర్వు వెలువడిన క్షణం నుంచే, వేరే ఆదేశం అవసరం లేకుండా, ఆ ఉత్తర్వులో పేర్కొన్న ప్రాంతం నుంచి బయటికి వెళ్లే రహదారులపై అన్ని వాహనాలకు టోల్ నిలిపివేయాలి. ఏ ధ్రువపత్రమూ అడగరాదు. గేట్లు ఎత్తి ఉంచాలి. లోపలికి వెళ్లే బస్సులు, అంబులెన్సులు, సహాయ వాహనాల కోసం ప్రతి ప్లాజాలో ఒక లేన్ ఖాళీగా ఉంచాలి. సహాయ సామగ్రి దించి తిరిగి వచ్చే వాహనాలకూ ఇది వర్తిస్తుంది. ఖాళీ చేసినవారు ఇళ్లకు తిరిగి రావచ్చని ప్రకటించాక మరో మూడు రోజుల వరకు ఇది కొనసాగాలి."

#17 బాకీలెక్క

బాగుంది. రెండు మార్పులు చెబుతాను. అప్పు ఇచ్చినవాళ్ల పక్కన కూర్చునేవాడిగా చెబుతున్నాను కాబట్టి ఇవి పడితే అవతలివాళ్లకీ అభ్యంతరం ఉండదు.

ఒకటి, "నిలిపివేసిన గంటలకు సమానమైన వసూలు కాలాన్ని ఒప్పందం గడువుకు కలపాలి" అని చేర్చండి. రోజుకింత కట్టే పద్ధతిలో వసూలు కాంట్రాక్టు తీసుకున్నవాళ్లకి ఆ రోజుల సొమ్ము తగ్గించాలి, అదీ రాయండి. ఆ రాత్రి మేనేజరు నష్టం గురించి ఆలోచించే పని ఉండదు.

రెండు, నైట్‌షిఫ్ట్ తమ్ముడి కోసం. "ఈ కాలంలో వదిలిన వాహనాలకు సిబ్బంది బాధ్యులు కారు, వారి వేతనం నుంచి ఎలాంటి కోత విధించరాదు." ఇది లేకపోతే పైన ఎన్ని రాసినా గేటు దగ్గరి కుర్రాడు భయపడతాడు.

అడ్రసు చూపించాలన్న నా సూచన వెనక్కి తీసుకుంటున్నాను.

#18 పాతమ్యాపు

ఇంకొక్కటి. 2021 మేలో ఎన్‌హెచ్‌ఏఐ (జాతీయ రహదారుల సంస్థ) ఒక మార్గదర్శకం ఇచ్చింది. క్యూ 100 మీటర్లు దాటితే, అది మళ్లీ 100 మీటర్ల లోపుకు వచ్చేదాకా టోల్ లేకుండా వదలాలని, ప్రతి లేన్‌లో 100 మీటర్ల దగ్గర పసుపు గీత గీయాలని. 2024లో దాన్ని వెనక్కి తీసుకున్నారు గానీ, మామూలు రద్దీకే ఒక గీత చూసి గేటు ఎత్తమని అప్పుడు రాయగలిగారు. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు, గీత దాటిందా లేదా అంతే. తరలింపు ఉత్తర్వుని కూడా అలాంటి గీత లాగే చూడమని అడుగుదాం. అర్జీలో ఈ పోలిక పెట్టండి, పై అధికారులకి వెంటనే ఎక్కుతుంది.

#19 బస్సుబాట

"ఉత్తర్వు వెలువడిన క్షణం" అన్నచోట ప్లాజాకి కబురు ఎలా చేరుతుందో కూడా రాయాలి. నా ఫోన్‌కి వచ్చిన హెచ్చరిక మెసేజే ప్లాజా కంట్రోల్ రూమ్‌కీ వస్తుంది కదా. అదే ఆదేశంగా చెల్లుతుందని రాస్తే సరిపోతుంది. కార్చిచ్చు లాంటివాటికి కాగితం తిరిగే టైమే ఉండదు. 2018లో కాలిఫోర్నియాలో ప్యారడైజ్ అనే ఊరికి పొద్దున్న అంటుకున్న మంట కొన్ని గంటల్లో ఊరంతా మింగేసింది, ఆ అగ్నికి 85 మంది పోయారు. అక్కడి రోడ్ల మీద టోల్ లేదు, అయినా బళ్లు బిగుసుకుపోయాయి. అలాంటి చోట గేటు కూడా ఉంటే ఊహించలేం.

#20 తీరంగాలి

అన్నీ చేర్చాను. రేపు పొద్దున్న టైపు చేయించి కలెక్టరాఫీసులో, రోడ్లవాళ్ల ఆఫీసులో ఇస్తాను. సంతకం పెట్టాలనుకునేవాళ్లు చెప్పండి.

నైట్‌షిఫ్ట్ తమ్ముడూ, ఒక్కటి అడగాలి. కరెంటు పోయి, జనరేటర్ ఆగి, గేటు కిందికి దిగిపోయి ఉంటే? బటన్ పనిచేయదు కదా. అప్పుడు ఎత్తడానికి ఏం చేస్తారు? అది కూడా రాయాలా?

#21 నైట్‌షిఫ్ట్

రాయండి అక్కా, అదే ముఖ్యం. మేం పనిచేసిన చోట గేటు మెషిన్ పెట్టెకి పక్కన చిన్న తలుపుంటుంది, దానికి తాళం. లోపల చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంటుంది. ఆ తాళంచెవి మేనేజర్ గదిలో ఉండేది, రాత్రిపూట ఆ గదికే తాళం. ప్రతి షిఫ్ట్‌లో లేన్ దగ్గరే ఒక తాళంచెవి ఉండాలని రాయండి. హ్యాండిల్ తిప్పితే కర్ర నిలువుగా లేస్తుంది. గాలికి మళ్లీ పడిపోకుండా నైలాన్ తాడుతో టోల్ బూత్ స్తంభానికి కట్టేయాలి. ఒక్కో గేటుకి రెండు నిమిషాలు. ఎనిమిది గేట్లకి ఇద్దరు చాలు.

సంతకంలో నా పేరు మొదట పెట్టండి.